నిమ్మరసం కలపడం ఎలా: నకిరేకల్ కాయతో దేశదేశాల గ్లాసులు

నిమ్మరసం కలపడంలో నేర్చుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. కాయ కోసి పిండి, చక్కెర వేసి తిప్పితే అయిపోయింది. మరి అదే ఇంట్లో, అదే చేత్తో చేసిన నిమ్మరసం ఒకరోజు అడిగి మరీ తాగేలా కుదురుతుంది, ఇంకోరోజు రెండు గుటకలకే చేదు తగులుతుంది. చక్కెర చాలలేదేమో అని ఇంకో చెంచా వేస్తాం. లోపం చక్కెరది కాదు, తొక్కది. నిమ్మకాయలో పులుపు గుజ్జులో ఉంటుంది. వాసన పై తొక్కలో ఉంటుంది. చేదు ఆ రెంటి మధ్య తెల్లపొరలోనూ, గింజల్లోనూ ఉంటుంది. కావలసింది తీసుకుని వద్దనుకున్నది వదిలేయడమే ఇందులో పనితనం. ప్రపంచమంతా తాగే నిమ్మరసాలు కూడా ఈ లెక్కనే విడిపోతాయి: తొక్కను దగ్గరికి రానివ్వనివి కొన్ని, తొక్కతో సహా వాడుకునేవి కొన్ని. రెండు రకాలూ మన నల్లగొండ కాయతో ఇంట్లోనే చేసుకోవచ్చు.

కాయ ఎంచుకోవడం

నకిరేకల్ నిమ్మ మార్కెట్ దగ్గర్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అక్కడ కాయ చెట్టు దిగి ఎక్కువ సేపు కాకముందే దొరుకుతుంది. ఎక్కడ కొన్నా చూడాల్సినవి ఇవే: తొక్క పల్చగా, నున్నగా, కాస్త మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చ పోయి పసుపు తిరుగుతూ ఉండాలి. పరిమాణానికి మించిన బరువు చేతికి తెలియాలి. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో రెండు పట్టుకుంటే ఏది రసమున్న కాయో వెంటనే తెలిసిపోతుంది. గరుకుగా, మందంగా ఉన్నది చూడ్డానికి పెద్దగా ఉన్నా పిండితే చెంచాడు రాదు.

కొన్ని కాయల మీద గోధుమరంగు గరుకు మచ్చలుంటాయి. అది గజ్జి తెగులు. తొక్క మీదే ఉంటుంది, లోపలి రసానికి ఏమీ కాదు. పిండుకోవడానికి ఆ కాయలు చవగ్గా వస్తే నిస్సంకోచంగా కొనండి. తొక్కతో చేసే రకాలకు మాత్రం మచ్చలేని కాయే కావాలి. పెరట్లో మందు కొట్టని చెట్టు ఉంటే మరీ మంచిది.

ఇంకో మాట. అమెరికా, యూరప్ వంటల్లో చెప్పే నిమ్మకాయ మనది కాదు. అది పెద్దది, పసుపుపచ్చది, మందపాటి తొక్కది. మనది చిన్న కాగితపు నిమ్మ, పులుపు ఘాటు. వాళ్లు ఒక కాయ అంటే మనం మూడు కాయలు అనుకోవాలి. రెండూ నారింజ కుటుంబంలోవే. ఆ కుటుంబం మొత్తానికి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదాలు, అంటే అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని యునాన్ ప్రాంతాలు అని 2018లో జన్యువుల పరిశోధన తేల్చింది.

నీళ్ల సంగతి

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. గ్లాసులో పది పాళ్లలో ఎనిమిది పాళ్లకు పైగా నీళ్లే. పైగా మన జిల్లా నీళ్ల కథ మనకు తెలియంది కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అన్నది మన దేశ ప్రమాణం. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన ఊరి పేరే పెట్టింది: నల్లగొండ టెక్నిక్.

కాబట్టి బోరు నీళ్లతో నిమ్మరసం కలపకండి. మరగబెడితే పోతుందనుకోవడం పొరపాటు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. నిమ్మ పులుపు దాన్ని విరగ్గొట్టదు. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు వాడండి. వాటికి క్లోరిన్ వాసన ఉంటే నిమ్మ వాసనను మింగేస్తుంది. పొద్దున్నే పట్టి వెడల్పు గిన్నెలో మూత లేకుండా, పల్చటి బట్ట కప్పి ఉంచితే మధ్యాహ్నానికి ఆ వాసన చాలామటుకు పోతుంది. తర్వాత రంజన్‌లో పోసుకోండి. రంజన్ చల్లదనం నిమ్మరసానికి సరిగ్గా సరిపోతుంది. మరీ గడ్డకట్టే చలవలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, దాంతో చక్కెర ఎక్కువ వేసేస్తాం.

ఐసు కావాలంటే ఇంట్లో తాగే నీళ్లతో గడ్డకట్టించుకోండి. చేపలకూ, సామాను చల్లబరచడానికీ తెచ్చే ఐసు దిమ్మను పగలగొట్టి గ్లాసులో వేయడం మాత్రం వద్దు. ఎండాకాలపు విరేచనాల్లో ఎన్నో అక్కడి నుంచే మొదలవుతాయి.

పిండడం

కాయను కడిగి, అరచేతి కింద పెట్టి బండ మీద నాలుగైదు సార్లు గట్టిగా దొర్లించండి. లోపలి గుళ్లు చిట్లి రసం వదులవుతుంది. ఫ్రిజ్ నుంచి తీసిన కాయైతే పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో వేసి తీయండి. నిలువుగా కాకుండా అడ్డంగా కోయండి, అన్ని గదులూ తెరుచుకుంటాయి.

ఇప్పుడు కోసిన చెక్కను కిటికీ వెలుగులో పట్టుకుని తొక్కను బయటికి మడిచి నొక్కి చూడండి. సన్నటి తుంపర ఎగురుతుంది. అదే తొక్కనూనె, నిమ్మ వాసనంతా అదే. ఒక తుంపర గ్లాసుకు ప్రాణం పోస్తుంది. ఎక్కువైతే నాలుక మీద మంట, వెగటు. ఇనుప పిండుడుతో కాయను తిరగేసి చివరి చుక్క దాకా నలిపితే ఈ నూనె, తెల్లపొరలోని చేదు కలిసి రసంలోకి దిగుతాయి. చేత్తో పిండడమే మేలు. కోసిన ముఖం పైకి పెట్టి, వేళ్ల సందుల్లో గింజలు ఆగేలా, మెత్తగా రెండు నొక్కులు. మూడో నొక్కుకు వచ్చే నాలుగు చుక్కల మీద ఆశ వదులుకోండి.

గింజలు వెంటనే వడకట్టేయండి. పిండిన రసం నిలవ ఉంటే, గింజలు లేకపోయినా, కొన్ని గంటల్లో దానంతటదే చేదెక్కుతుంది. కాయలో చేదు లేని రూపంలో ఉన్న పదార్థం పులుపు తగిలాక మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. పెళ్లికి రాత్రే పిండి పెట్టిన రసం పొద్దునకు చేదుగా ఉండటం ఇందుకే. కాయలు రాత్రే కడిగి, తుడిచి పెట్టుకోండి, పిండడం మాత్రం పొద్దున పెట్టుకోండి.

గిన్నె స్టీలుది, గాజుది, పింగాణీది వాడండి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిమ్మరసం పోస్తే లోహం దిగుతుంది, సి విటమిన్ కూడా తొందరగా పోతుంది. దీనికి బ్రిటిష్ నౌకాదళం పెద్ద మూల్యమే చెల్లించింది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు చిగుళ్లు కారి నీరసించిపోతున్న 12 మంది నావికులకు ఇద్దరికో రకం మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయ తిన్న ఇద్దరే వారం తిరక్కుండా తేరుకున్నారు. 1795 నుంచి నౌకాదళంలో నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టారు, సి విటమిన్ లోపంతో వచ్చే ఆ స్కర్వీ జబ్బు దాదాపు మాయమైంది. తర్వాత పెద్ద నిమ్మ మానేసి వెస్టిండీస్ చిన్న నిమ్మకు మారారు. అందులో సి విటమిన్ మొదటే తక్కువ. దానికి తోడు రసాన్ని గాలికీ వెలుతురుకూ వదిలేసి, రాగి గొట్టాల గుండా పంపి, నిలవ చేసేవారు. చివరికి ధ్రువాల యాత్రలకు వెళ్లినవాళ్లకు ఆ జబ్బు మళ్లీ వచ్చింది. రసాన్ని కాచొద్దు, రాగి తగలనివ్వొద్దు, అప్పటికప్పుడు తాగండి అని పదేపదే చెప్పేది అందుకే.

పాకం, మన గ్లాసు

చల్లటి నీళ్లలో చక్కెర కరగడం ఆలస్యం. అడుగున సగం మిగిలిపోతుంది. ముందే పాకం చేసిపెట్టుకుంటే ఎండాకాలమంతా హాయి. కిలో చక్కెరకు అర లీటరు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. కరిగి ఒక పొంగు రాగానే అర చెక్క నిమ్మరసం పిండండి. ఇది రుచి కోసం కాదు, పాకం మళ్లీ గడ్డకట్టకుండా. రెండు నిమిషాలు ఉడికించి, పైన తేలిన మురికి తీసి దించండి. తీగపాకం అక్కర్లేదు. చల్లారాక పొడి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. సుమారు లీటరుకు కొంచెం పైన వస్తుంది.

నలుగురికి: లీటరు నీళ్లు, ఆరు కాయల రసం, 120 మిల్లీలీటర్ల పాకం అంటే ఎనిమిది పెద్ద చెంచాలు, పావు చెంచాకు కొంచెం ఎక్కువ ఉప్పు. ముందు రసంలో ఉప్పు కరిగించి, పాకం కలిపి, చివర నీళ్లు పోయండి. ఉప్పు మానేయకండి. తెలిసీ తెలియనంత ఉప్పు చేదును అణచి తీపిని ఎత్తి చూపుతుంది. వేసవిలో చెమట రూపంలో పోయేది కూడా అదే. బీపీ ఉన్నవాళ్లు మాత్రం తగ్గించుకోవాలి. నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు వేస్తే ఉత్తరాది షికంజీ రుచి వస్తుంది. చక్కెర బదులు బెల్లం నీళ్లు, మిరియాలు, యాలకులు వేస్తే శ్రీరామనవమి పందిట్లో పానకం దగ్గరికి వెళ్తుంది. నాకు ఈ బెల్లం గ్లాసే ఎక్కువ ఇష్టం. రంగు మాత్రం మట్టినీళ్లని తలపిస్తుంది, ఫర్వాలేదు.

ఎండదెబ్బకు, విరేచనాలకు నిమ్మరసం ఇస్తున్నారా? అప్పుడు ఈ తీపి పనికిరాదు. ఎక్కువ చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. లీటరు మంచినీళ్లకు తలగొట్టి కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, అంతే. కొంచెం నిమ్మరసం రుచికి కలపొచ్చు. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే అదే వాడండి. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా నిమ్మరసంతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కైరో నుంచి గోలీ సోడా దాకా

చక్కెర కలిపిన నిమ్మరసం వ్యాపారంగా సాగినట్టు చెప్పే పాత ఆధారాలు ఈజిప్టులో దొరికాయి. మధ్యయుగాల కైరోలో యూదు వర్తకుల పత్రాల్లో సీసాల్లో నింపిన తీపి నిమ్మరసం ప్రస్తావన ఉంది. 12వ శతాబ్దంలో సుల్తాన్ సలాదిన్ దగ్గర వైద్యుడిగా ఉన్న ఇబ్న్ జుమై నిమ్మ గుణాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. పారిస్‌లో 1676లో నిమ్మరసం అమ్మేవాళ్ల సంఘానికి ఆ అమ్మకం హక్కు దక్కింది. వాళ్లు డబ్బా వీపున కట్టుకుని వీధుల్లో తిరిగి గ్లాసుల లెక్కన పోసేవారు.

ఇప్పటి ఫ్రాన్స్ పద్ధతి ఒకటి మన ఫంక్షన్లకు బాగా పనికొస్తుంది. వాళ్ల హోటళ్లలో నిమ్మరసం, నీళ్లు, చక్కెర విడివిడిగా తెచ్చి పెడతారు, తాగేవాళ్లే కలుపుకుంటారు. ఇంట్లో శుభకార్యానికి షుగర్ ఉన్న పెద్దవాళ్లు నలుగురైనా ఉంటారు. రసం ఒక జగ్గులో, పాకం ఒక జగ్గులో, ఉప్పు ఒక గిన్నెలో పెట్టేయండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నిమ్మరసంలోకి గ్యాస్ ఎక్కిన కథ ఇంగ్లండ్‌ది. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త లీడ్స్ నగరంలో బీరు కాచే తొట్ల మీద తేలే వాయువును నీళ్లలో కలిపి చూశాడు. జెనీవాలో ష్వెప్ 1783లో దాన్ని యంత్రంతో తయారుచేసి అమ్మాడు. ఆ సోడాలోని గ్యాస్ బయటికి పోకుండా బంధించే సీసాకు హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. అదే మన గోలీ సోడా. సీసాను తలకిందులు చేసి నింపుతారు, లోపలి గ్యాస్ గోలీని మెడలోని రబ్బరు రింగుకు అదిమి పట్టేస్తుంది. ఇంగ్లండ్‌లో ఆ సీసా ఎప్పుడో మూలపడింది, మన బస్టాండ్లలో మాత్రం ఇంకా కీచుమంటూనే ఉంది.

నిమ్మ సోడా ఇంట్లో కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. సోడా పోశాక ఉప్పు వేస్తే నురగ పొంగి గ్లాసు దాటుతుంది, గ్యాస్ అంతా పోతుంది. రసం, ఉప్పు, కావాలంటే పాకం ముందు గ్లాసులో కరిగించండి. బాగా చల్లబరిచిన సోడాను గ్లాసు వంచి అంచు మీదుగా పోయండి. చెంచాతో ఒక్కసారి అడుగు నుంచి ఎత్తండి, గిలక్కొట్టకండి.

తొక్క తగలని మరికొన్ని: లెబనాన్, ఇజ్రాయెల్ వైపు గుప్పెడు పుదీన, ఐసు, నిమ్మరసం, పాకం మిక్సీ పట్టి పచ్చటి నురగతో తాగుతారు. కేరళ కులుక్కి షర్బత్‌లో నానిన సబ్జా, చీల్చిన పచ్చిమిర్చి, నిమ్మరసం, పాకం, ఐసు కలిపి మూతపెట్టి గట్టిగా గిలకొడతారు. గట్టి మూతున్న స్టీలు సీసా ఉంటే చాలు. సబ్జా చెంచాడు అరకప్పు నీళ్లలో పావుగంట నానాలి. మెక్సికోలో ఇదే పనికి చియా గింజలు వాడతారు. వాటి ధర చూస్తే మన సబ్జాయే నయం.

తొక్కతో చేసేవి

ఇక రెండో దారి. కాయలను ఉప్పునీళ్లలో పావుగంట ఉంచి, చేత్తో రుద్ది కడిగి మొదలుపెట్టండి.

బ్రెజిల్ నిమ్మరసం చేసి తీరాలి. నాలుగు కాయలు తొక్కతోనే ముక్కలు కోసి, నడిమి తెల్ల ఈనె, గింజలు పూర్తిగా తీసేయండి. అర లీటరు చల్లటి నీళ్లు, మూడు పెద్ద చెంచాల చక్కెరతో మిక్సీలో వేసి కొట్టండి. రెండు మూడు కుదుపులు, అంతే. స్విచ్ తిప్పి వదిలేస్తే మొత్తం చేదు. వెంటనే వడకట్టి, రెండు పెద్ద చెంచాల కండెన్స్‌డ్ మిల్క్, ఐసు వేసి మళ్లీ ఒక్క తిప్పు. తెల్లగా, నురగగా, తొక్క వాసనతో గుమగుమలాడుతుంది. పది నిమిషాల్లో తాగేయాలి, నిలవుంటే చేదెక్కుతుంది. మన కాయ తొక్క పల్చన కాబట్టి దీనికి బాగా నప్పుతుంది.

ఇంగ్లండ్‌లో పాతకాలం వాళ్లు చక్కెర గడ్డను నిమ్మతొక్క మీద రుద్ది నూనెను చక్కెరకు పట్టించేవారు. మనకు చక్కెర గడ్డ అవసరం లేదు. పచ్చటి పై పొరను మాత్రం సన్నగా తురిమి, తెల్లపొర రాకుండా, రెండు పిడికిళ్ల చక్కెరలో వేసి వేళ్లతో నలపండి. గంటకు చక్కెర తడిసి వాసన పట్టుకుంటుంది. దాన్ని నీళ్లలో కరిగించి, వడకట్టి, రసం కలపండి. ఒక్కసారి చేస్తే మామూలు నిమ్మరసంలో ఏం లోటో తెలుస్తుంది.

బెంగాలీలు గంధరాజ నిమ్మ తొక్కను మజ్జిగలో తురుముతారు. ఆ కాయ మనకు దొరకదు, లేత నిమ్మాకులు రెండు నలిపి పల్చటి మజ్జిగలో వేసినా హాయిగా ఉంటుంది. వియత్నాంలో నిండు కాయలను ఉప్పులో ఊరేసి, వారాల తరబడి ఎండలో పెట్టి, గోధుమరంగు తిరిగాక ఒక ముక్క గ్లాసులో నలిపి చక్కెర, సోడా పోస్తారు. మన ఇళ్లలో జ్వరం పథ్యానికి దాచుకునే ఉప్పు నిమ్మకాయ ఉందిగా, కారం కలపనిది, అదే వాడండి. చిన్న ముక్క చాలు, ఉప్పు వేరే అక్కర్లేదు.

వేసవికి దాచుకోవడం

ఏప్రిల్, మేలో నిమ్మకాయ ధర మండిపోతుంది. వానాకాలంలో దిగుబడి ఎక్కువై రైతు కోత కూలి కూడా రాక తలపట్టుకుంటాడు. ఆ రోజుల్లో కొంటే ఆయనకూ మేలు, మనకూ మేలు. రసం పిండి, గింజలు తీసి, వెంటనే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించండి. గడ్డలను మూతున్న డబ్బాలోకి మార్చండి. ఒక్కో గడ్డ సుమారు ఒక కాయ రసం. గాలి తగలదు, చేదు కూడా త్వరగా ఎక్కదు.

సీసాల్లో షర్బత్‌గా కావాలంటే: రెండు కిలోల చక్కెర, లీటరు నీళ్లు కాచి పూర్తిగా చల్లార్చి, లీటరు రసం కలపండి. వేడి మీద రసం పోయొద్దు. ఫ్రిజ్‌లో కొన్ని వారాలు నిలుస్తుంది. ఫ్రిజ్ బయట నెలల తరబడి ఉండాలంటే పొటాషియం మెటాబైసల్ఫైట్ లీటరు షర్బత్‌కు 0.6 గ్రాము, అంటే ఈ మొత్తానికి సుమారు 2 గ్రాములు, కాసిని నీళ్లలో కరిగించి కలపాలి. కంటి అంచనా వద్దు, చిన్న త్రాసుతో తూచండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇది వేయకుండా ఫ్రిజ్ పద్ధతే పాటించండి. తాగేటప్పుడు ఒక పాలుకు నాలుగు పాళ్ల నీళ్లు, వీలైతే పైన అర చెక్క తాజా కాయ.

ఇలా కిలోల లెక్కన పిండిన రోజు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోకుండా ఎండలోకి వెళ్లకండి. నిమ్మరసం, తొక్కనూనె అంటుకున్న చర్మం మీద ఎండ పడితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా కమిలి బొబ్బలు లేస్తాయి, తర్వాత మిగిలే నల్లమచ్చలు వారాల తరబడి పోవు. ఆరుబయట కూర్చుని పిండాల్సివస్తే నీడపట్టున కూర్చోండి. పక్కన ఆడుకునే పిల్లల చేతులు, మూతులు కూడా కడిగించండి.